బొద్దుగా ఉంటేనే ముద్దా?

(పిల్లులు పెంచుకునేవారి సమావేశంలో ఒక పశువైద్యురాలు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారు చదువుకోవడానికి వీలుగా రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం.

ముందుగా ఒక ప్రశ్న. మీ పిల్లి బరువెంత? ఉజ్జాయింపుగా వద్దు, కిలోలూ గ్రాములతో చెప్పగలిగినవాళ్లు చేతులెత్తండి. చాలా తక్కువ లేచాయి. సరే, ఇంకో ప్రశ్న. మీ ఫోన్లో మీ పిల్లి ఫోటోలు ఎన్ని ఉంటాయి? దీనికి చేతులెత్తక్కర్లేదు, మీ నవ్వులు వినిపిస్తున్నాయి. పిల్లిని మనం రోజంతా చూస్తాం. తింటుంటే చూస్తాం, పడుకుంటే చూస్తాం. తూచేది మాత్రం ఏడాదికోసారి, టీకాకి తీసుకెళ్లినప్పుడు. ఆ ఏడాదిలో ఏం జరుగుతుందో మన కంటికి ఎందుకు ఆనదు? అక్కడి నుంచి మొదలుపెడతాను.

"బొద్దుగా ముద్దుగా ఉంది" అంటాం. చంటిపిల్లల్ని అన్నట్టే పిల్లినీ అంటాం. మన భాషలో ఆ రెండు మాటలూ జంటగానే నడుస్తాయి. గుండ్రటి ఒళ్లు, పొట్టి కాళ్లు, పెద్ద కళ్లు, ఇవి పసిబిడ్డ లక్షణాలు. వాటిని చూడగానే ఎత్తుకోవాలనిపిస్తుంది. మనిషి మనసు అలా తయారైంది, అందులో తప్పేం లేదు. పిల్లికి కొవ్వు పట్టినప్పుడు ఒళ్లు గుండ్రమవుతుంది, పొట్ట కిందికి దిగడంతో కాళ్లు పొట్టిగా కనిపిస్తాయి. అంటే జబ్బుకి దగ్గరవుతున్న కొద్దీ అది మన కంటికి ఇంకా పసిపాపలా కనిపిస్తుంది. ఇబ్బందంతా ఇక్కడే ఉంది. దాని ఒంటికి హాని చేసే మార్పే మనకు ముద్దొస్తోంది. రోజూ చూసే కన్ను కాబట్టి వారానికి పది గ్రాములు, ఇరవై గ్రాములు పెరిగితే పట్టుకోలేదు కూడా.

ఆస్ట్రేలియాలో హిమ్మీ అనే పిల్లి ఉండేది. 21.3 కిలోలు. ప్రపంచంలో అత్యంత బరువైన పిల్లిగా గిన్నిస్ రికార్డులకెక్కింది. దాన్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకెళ్లాలంటే తోపుడుబండిలో పెట్టి తోసేవారు. 1986లో, పదేళ్ల వయసులో చనిపోయింది. ఊపిరి ఆడక. ఇంట్లోనే జాగ్రత్తగా పెంచే పిల్లి పదిహేనేళ్లు బతకడం మామూలే, ఇరవై దాకా బతికేవీ ఉన్నాయి. ఆ తర్వాత గిన్నిస్ వాళ్లు ఈ విభాగాన్నే ఎత్తేశారు, రికార్డు కోసం ఎవరూ జంతువులకి అతిగా తినిపించకూడదని. మంచి పని చేశారు. రికార్డు పోయినా, లావు పిల్లి ఫోటో కింద "ఎంత ముద్దుగా ఉందో" అని రాసే అలవాటు మాత్రం మనకు పోలేదు.

ఇంతకీ లావంటే ఎంత? చాలామంది "ఒక్క కిలోనే కదండీ ఎక్కువ" అంటారు. ఒక్క కిలో! నాలుగు కిలోలుండాల్సిన పిల్లికి ఒక కిలో అంటే పాతిక శాతం. అరవై కిలోల మనిషి డెబ్బై ఐదు కిలోలు అయినట్టు. పిల్లి విషయంలో కిలోల్లో ఆలోచించకండి, శాతాల్లో ఆలోచించండి. ఉండాల్సిన దానికన్నా పది శాతం దాటితే అధిక బరువు. ఇరవై నుంచి ముప్పై శాతం దాటితే ఊబకాయం. అంటే నాలుగు కిలోల పిల్లి నాలుగు కిలోల నాలుగు వందలకి చేరినప్పుడే మనం మేలుకోవాలి.

"మా పిల్లి ఎంత ఉండాలో ఎలా తెలుస్తుంది డాక్టర్?" అని అడుగుతారు. అన్ని పిల్లులకీ ఒకే అంకె లేదు. చిన్న ఎముకల ఆడపిల్లికి మూడున్నర కిలోలు చాలు. మెయిన్ కూన్ జాతి మగపిల్లి ఎనిమిది కిలోలున్నా సన్నగానే ఉండొచ్చు. అందుకని పిల్లిని చేత్తో చూడాలి. ఎలాగో ఇప్పుడే నేర్చుకుందాం. అందరూ ఎడమ చెయ్యి చాపండి. ముందు వరసలో మీరూ చాపండమ్మా. అరచెయ్యి కిందికి ఉంచి, కుడిచేతి వేళ్లతో ఎడమచేతి పైభాగం మీద అడ్డంగా రాయండి. సన్నటి ఎముకలు ఒక్కొక్కటీ తెలుస్తున్నాయి కదా? పైన పల్చటి పొర, దాని కిందే ఎముక. పిల్లి పక్కటెముకలు సరిగ్గా అలా తగలాలి. ఇప్పుడు పిడికిలి బిగించి కణుపుల మీద రాయండి. గట్టిగా, ఎగుడుదిగుడుగా ఉందా? పక్కటెముకలు అలా తగిలితే పిల్లి చిక్కిపోయింది. ఇప్పుడు చెయ్యి వెల్లకిలా తిప్పి, అరచేతిలో బొటనవేలి కింద కండ ఉంది చూడండి, దాన్ని రాయండి. ఎముక ఉందని తెలుసు, కానీ నొక్కితే గానీ అందదు. పక్కటెముకలు ఇలా ఉంటే బరువు ఎక్కువైనట్టు.

ఇంటికెళ్లాక పిల్లి నిలబడి ఉన్నప్పుడు రెండు చేతులూ దాని పక్కటెముకలకి చెరోవైపు ఆనించి, నొక్కకుండా ముందుకీ వెనక్కీ జరపండి. పొడుగు బొచ్చు పిల్లి అయితే ఇది తప్పనిసరి, బొచ్చు కింద ఏముందో కంటికి తెలియదు. తర్వాత పైనుంచి చూడండి. పక్కటెముకల వెనక నడుం కాస్త లోపలికి వంగి ఉండాలి. పక్కలు తిన్నగా ఉన్నా, బయటికి ఉబ్బినా తేడా ఉన్నట్టే. తర్వాత పక్కనుంచి చూడండి.

పక్కనుంచి చూసినప్పుడే అందరికీ ఒక సందేహం వస్తుంది. వెనక కాళ్ల ముందు, పొట్ట కింద ఒక మడత వేలాడుతుంది, పిల్లి నడుస్తుంటే అటూఇటూ ఊగుతుంది. అది కొవ్వా? చాలాసార్లు కాదు. ఆ చర్మపు సంచి సన్నటి పిల్లులకీ ఉంటుంది, పిల్లి ఒంట్లో సహజంగా ఉండే నిర్మాణం. దాన్ని మెల్లగా వేళ్ల మధ్య పట్టుకోండి. ఖాళీ గుడ్డసంచిలా పల్చగా వస్తే చర్మమే. చేతినిండా ముద్దలా, బరువుగా వస్తే అందులో కొవ్వు చేరింది. ఈ మడతని చూసి భయపడి సన్నటి పిల్లికి తిండి తగ్గించేవాళ్లున్నారు. లావు పిల్లికి ఉన్న కొవ్వుని "అది మామూలు సంచే" అని సరిపెట్టుకునేవాళ్లూ ఉన్నారు. రెండూ పొరపాట్లే.

మేం దీన్ని ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలతో కొలుస్తాం. ఐదు సరైనది. ఆ పైన ఒక్కో అంకె పెరిగితే బరువు సుమారు పది శాతం ఎక్కువున్నట్టు. ఏడు అంటే ఇరవై శాతం, తొమ్మిది అంటే నలభై శాతం, ఇంకా పైన. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, తర్వాత లెక్కకి కావాలి.

ఒక జాగ్రత్త. పొట్ట పెద్దదైన ప్రతిసారీ కారణం కొవ్వే అనుకోవద్దు. పొట్ట ఉబ్బుతూ, వెన్నెముక మాత్రం చేతికి గరుగ్గా తగులుతుంటే, అంటే పైన చిక్కిపోతూ కింద పెరుగుతుంటే, లోపల నీరు చేరిందేమో, గడ్డ ఉందేమో, పిల్లకూన అయితే నులిపురుగులేమో చూడాలి. అప్పుడు తిండి తగ్గించడం ప్రమాదం. ముందు డాక్టరుకి చూపించండి.

ఇప్పుడు కొవ్వు లోపల ఏం చేస్తుందో చెబుతాను. కొవ్వంటే మూటకట్టి మూల పెట్టిన సరుకు లాంటిదని మన ఊహ. నిజానికి అది రోజంతా పనిచేస్తూనే ఉంటుంది. రక్తంలోకి హార్మోన్లు వదులుతుంది, వాపు పుట్టించే పదార్థాలు వదులుతుంది. పిల్లి ఒంట్లో ఒక కిలో బరువు పెరిగితే ఇన్సులిన్‌కి స్పందించే గుణం సుమారు ముప్పై శాతం పడిపోతుందని పరిశోధనలో తేలింది. మనుషుల్లో పెద్దవయసులో వచ్చే షుగరు ఎలాంటిదో పిల్లుల్లో వచ్చేదీ దాదాపు అలాంటిదే. ఊబకాయం ఉన్న పిల్లికి షుగరు వచ్చే అవకాశం సరైన బరువున్న పిల్లికన్నా దాదాపు నాలుగు రెట్లు. ఒకసారి వస్తే? సాధారణంగా రోజుకి రెండుసార్లు, పన్నెండు గంటలకోసారి ఇంజెక్షన్.

దాన్ని ఇంట్లో ఎలా పసిగట్టాలి? నీళ్ల గిన్నె త్వరగా ఖాళీ అవుతుంది. లిట్టర్ ట్రేలో, అంటే పిల్లి మలమూత్రాలకి వెళ్లే పళ్లెంలో, మూత్రంతో గడ్డకట్టే ముద్దలు పెద్దవవుతాయి, ఎక్కువవుతాయి. బాగా తింటున్నా బరువు తగ్గుతుంది. చాలామంది ఇక్కడ సంతోషపడతారు, "చిక్కింది, మంచిదే" అని. మీరేమీ మార్చకుండా లావు పిల్లి దానంతటది చిక్కితే సంతోషించకండి. ఇంకా ముదిరితే నడక మారుతుంది. పిల్లి మామూలుగా వేళ్ల మీద నడుస్తుంది. షుగరు వల్ల నరాలు దెబ్బతింటే వెనక కాళ్ల మడమలు నేలకి ఆనించి నడుస్తుంది. ఆ నడక కనిపిస్తే ఆ రోజే తీసుకెళ్లండి. తొందరగా వైద్యం మొదలుపెట్టి, తిండి మార్చి, బరువు తగ్గిస్తే కొన్ని పిల్లులకి ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది. ఆ అవకాశం మొదటి నెలల్లోనే ఎక్కువ.

ఇక కీళ్లు. పన్నెండేళ్లు దాటిన పిల్లులకి ఎక్స్-రే తీసి చూస్తే పదింటిలో తొమ్మిదింటికి కీళ్ల అరుగుదల కనిపించింది. ఇన్ని పిల్లులు బాధపడుతుంటే మనకెందుకు తెలియట్లేదు? పిల్లి కుంటదు. మూలగదు. తన ఒంట్లో నలతని దాచుకునే జంతువు అది. అది చేసేది ఒక్కటే, పనులు మానేస్తుంది. ఒక్క గెంతులో అలమర పైకెక్కేది ఇప్పుడు ముందు కుర్చీ ఎక్కి, అక్కడ ఆగి, తర్వాత బల్ల ఎక్కుతుంది. కొన్నాళ్లకి అలమర వైపే వెళ్లదు. దిగేటప్పుడు చూడండి. ముందుకాళ్లు అంచు మీద నుంచి కిందికి బారచాపి, ఎంత దూరం ఉందో కొలుచుకుంటున్నట్టు కాసేపు తటపటాయిస్తుంది. దిగితే దబ్బున చప్పుడొస్తుంది. మనమేమంటాం? "మా పిల్లి మహా శాంతం, కదలదు, సోమరి" అంటాం. అది సోమరితనమని మనం ఎలా నిర్ణయించాం? నొప్పి వల్ల కదలట్లేదేమో అని ఒక్కసారైనా అడిగామా? ఈ ఒక్క మాట మీ మనసులో ఉండిపోవాలని నా కోరిక. మీ పిల్లి ఏడాది క్రితం చేసి ఇప్పుడు మానేసిన పనులేమిటో ఇంటికెళ్లి రాసుకోండి.

ఇంకో చోటు చూపిస్తాను. పిల్లి నడుం నుంచి తోక మొదలు దాకా వీపు మీద వేళ్లు పోనిచ్చి బొచ్చు విడదీయండి. అక్కడ చుండ్రులా తెల్లటి పొలుసులున్నాయా? జిడ్డుగా ఉందా? బొచ్చు ఉండలు కట్టిందా? మెడ, భుజాలు నున్నగా మెరుస్తూ, ఈ ఒక్కచోటే అలా ఉంటే అర్థం చాలావరకు ఒకటే. దాని నాలుక అక్కడిదాకా అందట్లేదు. పొట్ట అడ్డొస్తోంది. రోజులో గంటలకి గంటలు ఒళ్లు నాక్కుని శుభ్రం చేసుకునే జంతువుకి తన వీపు తనకి అందకపోవడం ఎంత కష్టమో ఊహించండి. తోక కింద పరిస్థితి ఇంకా దారుణం. మూత్రం, మలం అంటుకుని, మడతల్లో తడి నిలిచి, చర్మం ఎర్రబడి పుండు పడుతుంది. మీరు బరువు తగ్గించేదాకా గోరువెచ్చటి నీళ్లలో ముంచిన మెత్తటి గుడ్డతో రోజూ తుడవండి. ఉండల్ని కత్తెరతో కత్తిరించబోకండి. పిల్లి చర్మం ఉండతో పాటు పైకి లేస్తుంది, తెలియకుండా చర్మమే తెగుతుంది.

మూత్రం సంగతి క్లుప్తంగా చెబుతాను, కానీ ఇది ప్రాణానికి సంబంధించింది. లావుగా ఉండి, ఇంట్లోనే ఉండి, డ్రై ఫుడ్ మాత్రమే తినే మగపిల్లుల్లో మూత్రనాళం మూసుకుపోవడం ఎక్కువ. ట్రేలోకి పదేపదే వెళ్లి ముక్కుతూ చుక్క కూడా రాకపోతే, అది మలబద్ధకమని తెల్లారేదాకా చూడొద్దు. రాత్రయినా సరే ఆస్పత్రికి పరుగెత్తండి. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది.

అసలు ఇంత కొవ్వు ఎలా చేరుతుంది? "మా పిల్లి ఏమీ తినదండీ" అని ప్రతి ఒక్కరూ అంటారు. వాళ్లు అబద్ధం చెప్పట్లేదు, వాళ్లకి నిజంగానే అలా కనిపిస్తుంది. ఎందుకో చెబుతాను. ఒక చిట్టెలుకలో సుమారు ముప్పై క్యాలరీలుంటాయి. నాలుగు కిలోల పిల్లికి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయి ఇంట్లో ఉండేదానికి, రోజుకి సుమారు రెండు వందల క్యాలరీలు చాలు. అంటే ఆరేడు చిట్టెలుకలు. దాని కడుపు, దాని నాలుక, దాని ఒళ్లు అన్నీ ఆ పద్ధతికి తయారైనవే. రోజంతా తిరిగి, మాటువేసి, దూకి, చాలాసార్లు తప్పి, చివరికి ఒకటి పట్టి, కాస్త తిని, మళ్లీ వేట. ఇప్పుడు మనం పెట్టే డ్రై ఫుడ్ చూడండి. వంద గ్రాముల్లో మూడు వందల యాభై నుంచి నాలుగు వందల క్యాలరీలు. రెండు గుప్పెళ్లలో రోజు వేట మొత్తం అయిపోయింది. పిల్లి చేసిన పనల్లా గిన్నెదాకా నడవడమే.

ఇంకా చిన్న లెక్క చేద్దాం. ఒక్కో డ్రై ఫుడ్ పలుకులో ఇంచుమించు ఒక క్యాలరీ ఉందనుకోండి. రోజుకి పది పలుకులు ఎక్కువ పెట్టారు. పది పలుకులంటే ఎంత? అరచేతిలో ఒక మూలకి సరిపోతాయి. ఏడాదికి మూడు వేల ఆరు వందల యాభై క్యాలరీలు. ఒక కిలో కొవ్వుకి సుమారు ఏడు వేల ఏడు వందలు. అంటే ఏడాదిలో అరకిలో. నాలుగు కిలోల పిల్లి ఏడాదిలోనే పది శాతం దాటేసింది, కేవలం పది పలుకులతో. అందుకే కప్పుతో కొలవొద్దంటాను. అదే కప్పు, అదే చెయ్యి, ఒకరోజు నలభై గ్రాములొస్తుంది, ఇంకోరోజు యాభై. వంటింట్లో వాడే గ్రాముల తూకం కొనుక్కోండి. బరువు తగ్గించడానికి ఇంతకన్నా ఉపయోగపడే వస్తువు ఇంకోటి లేదు.

పాల సంగతి. వంద మిల్లీలీటర్ల ఆవుపాలలో అరవై పైగా క్యాలరీలుంటాయి. పిల్లికి రోజంతటికీ కావాల్సిన దాంట్లో దాదాపు మూడో వంతు. పైగా పెద్ద పిల్లులు చాలావాటికి పాలు అరగవు. పిల్లి పాలకోసం ఆశపడటం నిజమే, అవసరం మాత్రం లేదు. నీళ్లు పెట్టండి.

ఆపరేషన్ సంగతి కూడా చెప్పాలి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాక ఒంటికి కావాల్సిన శక్తి ఇరవై నుంచి ముప్పై శాతం తగ్గుతుంది. ఆకలి మాత్రం పెరుగుతుంది. ఇది ఆపరేషన్ మానడానికి కారణం కాదు, తప్పకుండా చేయించండి. కానీ ఎదుగుతున్న కూనకి పెట్టినట్టే పెడుతూ పోతే ఆర్నెల్లలో రూపం మారిపోతుంది. కుట్లు విప్పే రోజు నుంచే తూచి పెట్టడం మొదలుపెట్టండి, నెలనెలా బరువు చూడండి.

"థైరాయిడ్ వల్లేమో డాక్టర్" అంటారు. పిల్లుల్లో థైరాయిడ్ తగ్గడం చాలా అరుదు. పెద్ద వయసు పిల్లుల్లో థైరాయిడ్ పెరగడం ఎక్కువ, దానివల్ల పిల్లి చిక్కిపోతుంది. లావు పిల్లికి చాలా సందర్భాల్లో కారణం గిన్నెలోనే దొరుకుతుంది.

ఇప్పుడు తగ్గించడం. దీని గురించి చెప్పేముందు ఒక హెచ్చరిక చేస్తాను, దయచేసి ఇది మాత్రం మరిచిపోవద్దు. పిల్లిని పస్తు పెట్టకండి. "రెండు రోజులు కడుపు మాడిస్తే అదే దారికొస్తుంది", "కొత్త తిండి తినకపోతే ఆకలేసినప్పుడు అదే తింటుంది", ఈ మాటలు కుక్క విషయంలో ఎలా ఉన్నా పిల్లి విషయంలో ప్రాణం తీస్తాయి. ఎందుకు? లావు పిల్లి తినడం మానేస్తే ఒంట్లోని కొవ్వు కరిగి ఒక్కసారిగా కాలేయానికి చేరుతుంది. పిల్లి కాలేయానికి అంత కొవ్వుని సర్దుకునే శక్తి లేదు. కణాల్లో కొవ్వు నిండిపోతుంది, కాలేయం పని ఆగిపోతుంది. ఎంత లావుగా ఉంటే ముప్పు అంత ఎక్కువ. రెండు మూడు రోజుల పస్తుతో కూడా ఇది మొదలుకావచ్చు. మొదట నీరసం, వాంతులు, చొంగ కారడం. తర్వాత కామెర్లు. చెవి లోపలి చర్మం, చిగుళ్లు, కంటి తెల్లగుడ్డు చూడండి, పసుపు రంగు అక్కడ తెలుస్తుంది. అప్పటికి తిండి వాసన చూస్తేనే మొహం తిప్పుకుంటుంది. మెడ దగ్గర నుంచి అన్నవాహికలోకి గొట్టం వేసి, వారాల తరబడి దాని ద్వారా తిండి ఎక్కించాలి. చాలావాటిని బతికిస్తాం, అన్నిటినీ బతికించలేం. కాబట్టి నియమం ఇది. లావు పిల్లి ఇరవై నాలుగు గంటలు ఏమీ ముట్టకపోతే డాక్టరుకి ఫోన్ చేయండి. నలభై ఎనిమిది గంటలు దాటనివ్వొద్దు.

అందుకే నెమ్మదిగా తగ్గించాలి. వారానికి ఉన్న బరువులో అర శాతం నుంచి ఒక శాతం చాలు. లెక్క వేసి చూపిస్తాను, రాసుకోండి. పిల్లి ఐదు కిలోల ఆరు వందలు ఉంది, తొమ్మిదో అంకెలో ఉంది. అంటే నలభై శాతం ఎక్కువ. 5.6ని 1.4తో భాగిస్తే 4. ఉండాల్సింది నాలుగు కిలోలు. ఇప్పుడు క్యాలిక్యులేటర్ తీయండి. 4ని 4తో, మళ్లీ 4తో గుణించండి, 64. వర్గమూలం బటన్ రెండుసార్లు నొక్కండి, మొదట 8, తర్వాత 2.83 వస్తుంది. దాన్ని 70తో గుణిస్తే 198. ఇది నాలుగు కిలోల పిల్లి విశ్రాంతిగా ఉన్నప్పుడు కావాల్సిన శక్తి. బరువు తగ్గడానికి ఇందులో ఎనభై శాతం, అంటే 158 క్యాలరీలు. మీరు వాడే ఆహారంలో వంద గ్రాములకి 350 ఉంటే, రోజుకి 45 గ్రాములు. ట్రీట్స్ ఇస్తే వాటి క్యాలరీలు ఇందులోంచే తీయాలి, మొత్తంలో పది శాతం దాటకుండా. లెక్క ఉండాల్సిన బరువుకి వేయాలి, ఉన్న బరువుకి వేస్తే పిల్లి అక్కడే ఉంటుంది.

ఎన్నాళ్లు పడుతుంది? తగ్గాల్సింది కిలో ఆరు వందలు. వారానికి నలభై గ్రాముల చొప్పున నలభై వారాలు. అవును, తొమ్మిది నెలల పైనే. ఆ మాట వినగానే ముఖాలు మారడం కనిపిస్తోంది. అది పెరగడానికి మూడు నాలుగేళ్లు పట్టింది కదా? పది నెలలు ఇద్దాం.

మొదలుపెట్టే ముందు డాక్టరు చేత రక్తం, మూత్రం పరీక్ష చేయించండి. ఇన్సులిన్ తీసుకుంటున్న పిల్లికి సొంతంగా తిండి తగ్గించొద్దు, షుగరు పడిపోయి ఫిట్స్ రావచ్చు. కడుపుతో ఉన్నదానికీ, ఎదిగే కూనకీ ఇది వర్తించదు. ఇంకో విషయం. ఇప్పుడు పెడుతున్న మామూలు ఆహారాన్నే సగానికి కోసేస్తే క్యాలరీలతో పాటు మాంసకృత్తులు, టారిన్ అనే పోషకం, విటమిన్లు కూడా సగమవుతాయి. కొవ్వుకి బదులు కండ కరుగుతుంది. పిల్లి పూర్తి మాంసాహారి, దానికి ప్రోటీన్ తగ్గకూడదు. అందుకే బరువు తగ్గడానికి ప్రత్యేకంగా చేసిన ఆహారం వాడమంటాం. మార్చేటప్పుడు మొదటి రెండు మూడు రోజులు పాతది ముప్పాతిక, కొత్తది పాతిక. తర్వాత సగం సగం. తర్వాత కొత్తది ముప్పాతిక. పది రోజుల్లో పూర్తిచేయండి, మొండి పిల్లికి నెల పట్టినా ఫర్వాలేదు.

వెట్ ఫుడ్ గురించి అడుగుతారు. అందులో ముప్పాతిక వంతుకు పైగా నీళ్లే. వంద గ్రాములకి ఎనభై నుంచి వంద క్యాలరీలు. ఇందాకటి 158 క్యాలరీలకి డ్రై ఫుడ్ 45 గ్రాములొస్తే, వెట్ ఫుడ్ నూట అరవై నుంచి రెండు వందల గ్రాములు వస్తుంది. కడుపు నిండుతుంది, నీళ్లూ అందుతాయి, మూత్రం పల్చబడుతుంది. నా మొగ్గు దీనివైపే. పిల్లి ఒప్పుకోకపోతే బలవంతం చేయొద్దు.

ఇంట్లో అందరూ తలా కాస్త పెట్టడం వల్ల ఎక్కువ ప్రయత్నాలు విఫలమవుతాయి. పొద్దున ఒకరు పెట్టారు. అది తెలియక ఇంకొకరు పెట్టారు. పిల్లి ఇద్దరి దగ్గరా అంతే ఆకలిగా అరిచింది. దీనికి సులువైన పద్ధతి ఉంది. పొద్దున్నే ఆ రోజుకి సరిపడా మొత్తం తూచి ఒక డబ్బాలో పోయండి. ఎవరు పెట్టినా ఆ డబ్బాలోంచే పెట్టాలి. డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకి అయిపోయినట్టే. దాన్నే నాలుగైదు భాగాలు చేసి పెట్టండి. రెండు పిల్లులుంటే వేరువేరు గదుల్లో, తలుపు వేసి, ఇరవై నిమిషాలు. మిగిలింది తీసేయండి. మెడ దగ్గర చర్మం కింద వేసిన గుర్తింపు చిప్‌ని గుర్తుపట్టి ఒక్క పిల్లికే తెరుచుకునే గిన్నెలు కూడా ఉన్నాయి.

అరుస్తుందే, ఏం చేయాలి? పిల్లి కాళ్లకి రాసుకుని మ్యావ్ మన్న ప్రతిసారీ మనం ఆకలి అనుకుంటాం. చాలాసార్లు అది పలకరింపు. ఆడమని అడగడం. అది పలకరించిన ప్రతిసారీ తిండి పెట్టి, పలకరిస్తే తిండి వస్తుందని మనమే నేర్పాం. తీగకి ఈక కట్టిన బొమ్మతో ఐదు నిమిషాలు ఆడించండి. నేల మీద దాక్కుంటూ, ఆగుతూ, ఎలుకలా కదపండి. మొహం మీద ఊపితే ఆడదు. చివర్లో దొరకనివ్వండి. అలా రోజుకి రెండు మూడుసార్లు. కీళ్లనొప్పి ఉన్నదాన్ని గెంతించకండి, నేల మీదే నడిపించండి. కొన్ని పలుకుల్ని బొమ్మల్లో దాచి వెతుక్కోనివ్వండి. తెల్లవారుజామున లేపే పిల్లి ఉంటే, టైమర్‌తో తెరుచుకునే గిన్నె పెట్టండి, అప్పుడది మీ మంచం దగ్గరికి రాకుండా గిన్నె దగ్గర కాచుకుంటుంది. మీరు పెట్టడం మానిన మొదటి వారం అరుపులు పెరుగుతాయి. పెరిగినప్పుడు ఒక్కసారి లొంగితే ఎంతసేపు అరవాలో దానికి తెలిసిపోతుంది.

తూకం రెండు వారాలకోసారి, ఒకే తూకం మీద, ఒకే సమయంలో. మనం పిల్లినెత్తుకుని మనుషుల తూకం ఎక్కి తీసేసే లెక్క ఇక్కడ పనికిరాదు. అందులో వంద, రెండు వందల గ్రాముల తేడా వస్తుంది. మనం వెతికేదే ఎనభై గ్రాములు. పసిపిల్లల్ని తూచే తూకం వాడండి. బరువు రెండుసార్లు వరసగా కదలకపోతే ముందు ఇంట్లో ఎవరైనా దొంగచాటుగా పెడుతున్నారేమో, పక్కింట్లో తింటోందేమో కనుక్కోండి. ఏమీ లేదంటే డాక్టరుతో మాట్లాడి ఇంకో ఐదు నుంచి పది శాతం తగ్గించండి. వారానికి రెండు శాతం కన్నా వేగంగా పడిపోతుంటే కాస్త పెంచండి.

అనుకున్న బరువుకి వచ్చాక చాలామంది పాత గిన్నె, పాత కొలతకి వెళ్లిపోతారు. అలా వెళ్తే బరువు తిరిగొస్తుంది. తగ్గిన ఒంటికి ఇదివరకంత తిండి అక్కర్లేదు. రెండు వారాలకి పది శాతం చొప్పున పెంచుతూ, బరువు నిలకడగా ఉన్న చోట ఆపండి. ఆ తర్వాత కూడా నెలకోసారి తూచి ఒక కాగితం మీద తేదీ, బరువు రాసి గోడకి అంటించుకోండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి. వెనక వరసలో ఇందాకటి నుంచి చెయ్యెత్తి ఉంచిన బాబుతో మొదలుపెడదాం.